విదేశాల్లో ఉన్నవాళ్ళకి బండి అమ్మేటప్పుడు సి బుక్కు, ఆధార్ కాపీలు ఎంతవరకు పంపొచ్చు?

పంటకాలువ గట్టు (పాలకొల్లు)

సంక్రాంతి దగ్గర పడేకొద్దీ మన వైపు సెకండ్ హ్యాండు బళ్ళకి ఫోన్లు బయటి దేశాల నుంచే ఎక్కువ. డల్లాస్ అబ్బాయి నాన్నగారి కోసం అడుగుతాడు, కువైట్ మనిషి సెలవుకి దిగేసరికి ఇంటి ముందు బండి ఉండాలంటాడు. అందరూ మొదట అనేది ఒకటే: "సి బుక్కు రెండు వైపులా, ఇన్సూరెన్సు, మీ ఆధార్ వాట్సాప్ చేసేయండి."

అమ్మకానికి ఉన్నది 2019 పెట్రోల్ బండి, ఏపీ 39. లోను తీరిపోయింది, కానీ సి బుక్కు మీద బ్యాంకు పేరు ఇంకా ఉంది. ఏది ఎప్పుడు పంపాలి, ఏది అసలు పంపకూడదు, దాచాల్సింది ఎలా దాచాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కాగితాల కరణం (అమలాపురం)

కొనే మనిషి అమెరికాలో ఉన్నా ఆచంటలో ఉన్నా ఆర్టీవో ఆఫీసుకి కావలసిన కాగితాలు అవే. దూరంగా ఉన్నాయన బండిని, మిమ్మల్ని చూడలేడు కాబట్టి కాగితం ఫోటో అడుగుతాడు. మోసగాడూ అదే ఫోటో అడుగుతాడు. అంచేత మనిషి ఎవరో తేలేదాకా ఇచ్చేది వేరు, తేలాక ఇచ్చేది వేరు.

మొదటి ఫోనుకి మాటలు చాలు: మోడలు, తయారైన నెల, ఎన్నో ఓనరు, కిలోమీటర్లు, ఇన్సూరెన్సు ఏ రకం, ఎప్పటిదాకా, లోను సంగతి. కాగితం ఒక్కటీ అక్కర్లేదు. ప్రకటనలో పెట్టే ఫోటోల్లో నంబరు ప్లేటు కూడా కప్పేయండి.

ధర ఒక కొలిక్కి వచ్చి, ఆయన తరపున తండ్రో బావమరిదో చూడ్డానికి వస్తున్నారంటే అప్పుడు రిజిస్ట్రేషను నంబరు ఇవ్వండి. దాంతో ఆయనే పరివాహన్‌లో (కేంద్ర రవాణా శాఖ సైటు) చూసుకుంటాడు: బండి తరగతి, ఇంధనం, రిజిస్ట్రేషను తేదీ, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్సు ఉందా లేదా. ఓనరు పేరు మాత్రం అక్కడ కొన్ని అక్షరాలు దాచి చూపిస్తారు. చలాన్ల పేజీ చాసిస్ లేదా ఇంజను నంబరులో చివరి అంకెలు అడుగుతుంది, కాబట్టి అది మీరే తెరిచి వీడియో కాల్‌లో చూపించండి. అంకెలు ఆయన చేతికి ఇవ్వొద్దు.

ఆధార్ కాపీ ట్రాన్స్‌ఫర్ కాగితాలకే. బేరానికి కాదు. "సి బుక్కులో ఉన్న పేరు మీదేనా" అని అడగడం న్యాయమే. దానికి వీడియో కాల్‌లో సి బుక్కు, మాస్క్ చేసిన ఆధార్ (చివరి నాలుగు అంకెలే కనిపించేది) పక్కపక్కన పట్టుకుని పేరు, ఫోటో చూపిస్తే సరిపోతుంది. పాన్ కార్డు ఆర్టీవో కాగితాల్లో కావాలంటే అక్కడ ఇస్తాం, కొనేవాడి వాట్సాప్‌లో దానికి పని లేదు.

మీ బ్యాంకు పేరు సంగతి ముందు తేల్చుకోండి. బ్యాంకు ఎన్‌ఓసీ (లోను తీరింది, అభ్యంతరం లేదనే పత్రం), వాళ్ళు సంతకం పెట్టి ముద్ర వేసిన ఫారం 35 రెండు ప్రతులు తీసుకుని హెచ్‌పీ (సి బుక్కు మీది లోను నమోదు) క్యాన్సిల్ చేయించండి. ఎన్‌ఓసీ మీద గడువు ఉంటుంది, మామూలుగా మూడు నెలలు. లోను ఎప్పుడో తీరిపోయి ఆ కాగితం బీరువాలో ఉండిపోతే మళ్ళీ కొత్తది తెచ్చుకోవాల్సిందే. అది పెండింగులో ఉండగా దూరపు బేరం పెట్టుకుంటే కొనేవాడికి అనుమానం, మీకు తిరుగుడు.

కొబ్బరి ఈనె (రాజోలు)

సి బుక్కు పంపేటప్పుడు చాసిస్ నంబరులో మొదటి 12 కొట్టేసి చివరి 5 ఉంచితే చాలు కదండీ? ఆధార్‌కి కూడా చివరి నాలుగే కదా కనిపించేది.

ఏటిగట్టు వర్క్‌షాపు (రావులపాలెం)

అక్కడే తిరగబడుద్ది. ఆధార్‌కి సరైన పద్ధతి చాసిస్‌కి తప్పు.

చాసిస్ నంబరు 17 అక్షరాలు. మొదటి భాగం తయారీ కంపెనీని, మోడలుని చెబుద్ది. ఆ మోడలు బళ్ళన్నిటికీ దాదాపు అదే ఉంటది, దాచినా దాచకపోయినా ఒకటే. మీ బండిని విడిగా గుర్తించేది చివరి అంకెలు. పరివాహన్‌లో ఆన్‌లైను సేవలకి నంబరు కొట్టాక అడిగేది చాసిస్ చివరి 5. ఎం-పరివాహన్ యాప్‌లో వర్చువల్ ఆర్సీ (ఫోనులో ఉండే సి బుక్కు) పెట్టుకోడానికి అడిగేది చాసిస్, ఇంజను నంబర్లలో చివరి 4 చొప్పున. మీరు ఉంచుతానంటున్నవే అవి.

కాబట్టి చాసిస్‌కి చివరి 6, ఇంజనుకి చివరి 5 కప్పండి. మొదటివి కనపడితే మోడలు, వేరియంటు సరిచూసుకోడానికి కొనేవాడికి చాలు.

ఇంకోటి. సి బుక్కు మీద దాచి, బండి ఫోటోల్లో బయటపెడతారు. డోరు పిల్లరు మీద స్టిక్కరు, బోనెట్ కింద ప్లేటు, కొన్ని బళ్ళకి అద్దం మీద చెక్కిన నంబరు, ఇవన్నీ చూసుకోండి. ముందు అద్దం మీద ఫాస్టాగ్ నంబరు కనపడుద్ది. తాళంచెవి ఫోటో దగ్గరగా పెట్టొద్దు, పళ్ళు కనిపిస్తే దాన్ని చూసి చెవి కోయొచ్చు.

కువైట్ కోనసీమ

అన్నీ దాచేస్తే కొనేవాడు దేన్ని నమ్మాలండీ? ఇక్కడ మా గదుల్లో వాళ్ళకి ఎదురయ్యే మోసం దీనికి సరిగ్గా తిరగేసింది. ఎవరిదో బండి ఫోటోలు, ఎవరిదో సి బుక్కు, ఎవరిదో ఆధార్ పంపి "నేనే ఓనర్ని, టోకెను అడ్వాన్సు కొట్టండి" అంటారు. బండి ఉంటుంది, అమ్మేవాడు మాత్రం అసలు మనిషి కాడు.

కాగితాల కరణం (అమలాపురం)

మీరు చెప్పిందే నా వాదనకి బలం. ఆ మోసగాడి చేతికి సి బుక్కు, ఆధార్ ఎక్కడివి? ఇంతకు ముందు ఎవరో అమ్మేవాళ్ళు దాచకుండా పంపినవే. కాగితం ఫోటో ఎంత శుభ్రంగా ఉన్నా పంపినవాడు ఓనరని రుజువు కాదు. ఒరిజినల్ కాగితం, బండి, మనిషి మూడూ ఒకేచోట కనబడాలి.

వీడియో కాల్ ఇలా చేయించండి. బండి ముందు ప్లేటు దగ్గర మొదలెట్టి, తలుపు తీసి, ఇంజను ఆన్ చేసి మీటరు రీడింగు చూపించి, ఒరిజినల్ సి బుక్కు చేత్తో పట్టుకుని, చివర్లో మొహం చూపించాలి. మధ్యలో కట్ అవ్వకూడదు. "ఇవాళ్టి పేపరు పక్కన పెట్టండి" అనో, "హారను రెండుసార్లు కొట్టండి" అనో అప్పటికప్పుడు అడగండి, పాత వీడియో నడిపిస్తుంటే అక్కడ దొరికిపోతాడు. చాసిస్ పూర్తి నంబరు సరిచూడ్డానికి మీ తరపు మనిషి బండి దగ్గర నిలబడి, చెక్కిన నంబరు, ఒరిజినల్ పక్కపక్కన చదువుకోవాలి. ఫోటోతో ఆ పని అవ్వదు. దొంగబండేమో అని సందేహం ఉంటే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వారి డిజిటల్ పోలీస్ పోర్టల్లో వాహనం ఎన్‌ఓసీ (దొంగబళ్ళ రికార్డులో లేదనే పత్రం) తీసుకోవచ్చు.

కువైట్ కోనసీమ

ఒప్పుకుంటాను. అయితే ఊళ్ళో మనిషిని పంపకుండా కొనొద్దని మా వాళ్ళకి చెప్పాలి.

స్కాను సెంటరు (భీమవరం)

దాచే పద్ధతి గురించి. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేసేది.

ఫోనులో ఫోటో ఎడిట్ చేసి నల్ల పెన్నుతో గీస్తారు. అది హైలైటర్ రకం అయితే పూర్తిగా మూయదు. వెలుతురు, కాంట్రాస్టు పెంచితే కింద అంకెలు చదవొచ్చు. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెడితే ఇంకా దారుణం: డబ్బా పైన ఉంటుంది, అక్షరాలు కింద అలాగే ఉంటాయి, ఎంచుకుని కాపీ చేస్తే వచ్చేస్తాయి. డిజిలాకర్ నుంచి దింపిన ఆర్సీ, కంపెనీ మెయిలు చేసిన పాలసీ రెండూ ఈ రకమే.

నమ్మకమైన దారి పాతదే. జెరాక్సు తీసి, దాచాల్సిన చోట కాగితం ముక్క అంటించి, దాన్ని మళ్ళీ ఫోటో తీయండి. ఫోనులోనే చేయాలంటే నిండు రంగు డబ్బా పెట్టి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాటే పంపండి. అసలు ఫైలు పంపొద్దు.

క్యూఆర్ కోడు మర్చిపోతారు. మాస్క్ చేసిన ఆధార్‌లో అంకెలు దాగుతాయి కానీ క్యూఆర్ స్కాను చేస్తే పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఫోటో వస్తాయి. దాన్నీ కప్పాలి. ఈ-ఆధార్ పీడీఎఫ్ ఫైలుగా పంపి, పాస్‌వర్డు అదే చాట్‌లో పెట్టేవాళ్ళు ఉన్నారు. ఆ పాస్‌వర్డు పేరులో మొదటి 4 అక్షరాలు, పుట్టిన సంవత్సరం. అదొక వివరం ఊరికే ఇచ్చేసినట్టు.

ప్రతి కాపీ మీద అడ్డంగా, అక్షరాల మీదుగా పోయేలా రాయండి: "ఫలానా నంబరు బండి అమ్మకం కోసం ఫలానా వారికి చూపించుటకు మాత్రమే", కింద తేదీ. మూల మీద రాస్తే కత్తిరించేస్తారు. కొనేవాడి పేరు ఉంటే ఆ కాపీ వేరే చోట తేలినప్పుడు ఎవరి నుంచి పోయిందో తెలుస్తుంది.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఫోటోలో దాగి ఉన్న లొకేషను వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్తాయి. ఇంటి ముందు తీసిన ఫోటో అయితే ఇల్లు చూపించినట్టే. "ఒక్కసారే చూడగలిగేలా" పెట్టడం మంచిదే, కానీ రెండో ఫోనుతో ఫోటో తీసేవాణ్ణి అది ఆపదు.

పంటకాలువ గట్టు (పాలకొల్లు)

ఇన్సూరెన్సు పాలసీలో ఏం కప్పాలి?

స్కాను సెంటరు (భీమవరం)

ఫోను నంబరు, మెయిలు, ఇంటి చిరునామా, నామినీ పేరు, పాలసీ నంబరు, చాసిస్, ఇంజను చివరి అంకెలు, క్యూఆర్. ఉంచాల్సినవి: కంపెనీ పేరు, పాలసీ రకం, గడువు, ఐడీవీ (బండికి కంపెనీ కట్టిన విలువ), నో క్లెయిమ్ బోనసు శాతం.

నిర్వాహకుడు

ఒక సభ్యుడు నమూనా కోసం పెట్టిన సి బుక్కు ఫోటో తీసేశాం. చాసిస్ మొత్తం చదవడానికి వస్తోంది. ఈ చర్చలోనే ఆ పని చేయకండి మహానుభావులారా.

తీరం టెర్మినల్ (కాకినాడ)

"విదేశీ కొనుగోలుదారు" అంటే రెండు రకాలు, కలపకండి. ఒకటి, మనవాళ్ళే విదేశంలో ఉండి ఇక్కడి వాడకానికి కొనడం. రెండు, "మీ బండి మా దేశానికి ఓడలో తీసుకుపోతాం" అనేవాళ్ళు. రెండో రకం ఫోను వస్తే నూటికి నూరుపాళ్ళూ అనుమానించండి.

మన బళ్ళకి స్టీరింగు కుడివైపు. కువైట్, ఖతర్, సౌదీ, ఎమిరేట్స్, అమెరికా అన్నీ రోడ్డుకి కుడిపక్క నడిపే దేశాలు, అక్కడ స్టీరింగు ఎడమవైపు. అమెరికా అయితే వాళ్ళ భద్రతా ప్రమాణాలకి తయారు కాని బండిని 25 ఏళ్ళు నిండేదాకా మామూలుగా రానివ్వదు. పాలకొల్లులో 2019 మోడలు హ్యాచ్‌బ్యాక్ కోసం హ్యూస్టన్ నుంచి ఓడ పంపుతానంటే వాడికి కావలసింది బండి కాదు, మీ కాగితాలు. లేదా "షిప్పింగు ఏజెంటు ఫీజు మీరు కట్టండి, బండి డబ్బుతో కలిపి ఇచ్చేస్తాం" అనడానికి మొదలు. మనవైపు పోర్టు పేరు చెప్తే నమ్ముతారని కాకినాడ అంటారు. కొత్త కార్ల ఎగుమతి ఓడలు ఎన్నూరు, ముంబై లాంటి చోట్ల ఎక్కించుకుంటాయి. పైగా ఎగుమతి చేసేవాడికి ఐఈసీ కోడు (ఎగుమతి దిగుమతిదారుకి ఇచ్చే నంబరు), షిప్పింగు బిల్లు (కస్టమ్స్‌కి పెట్టే ఎగుమతి పత్రం) ఉండాలి. అడగండి, అక్కడితో చాటింగు ఆగిపోతుంది.

ఇంకో రకం: లింకు పంపి "ఈ సైటులో మీ చాసిస్ నంబరు కొట్టి హిస్టరీ రిపోర్టు కొని పంపండి" అంటారు. ఆ సైటు వాళ్ళదే. కార్డు వివరాలూ చాసిసూ రెండూ పోతాయి.

కౌంటర్ నంబరు 3 (తణుకు)

డబ్బు వైపు చెప్తాను. కొనే ఎన్నారై తన ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఎన్నారైలకి ఇక్కడి బ్యాంకులో ఉండేవి) నుంచి ఆర్టీజీఎస్ చేయడం అన్నిటికంటే తేలిక. కనీసం 2 లక్షలు, పై పరిమితి లేదు, 2020 డిసెంబరు నుంచి రోజంతా, సెలవు రోజుల్లోనూ నడుస్తుంది. మీరు ఇవ్వాల్సింది పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ. సంతకం ఉన్న క్యాన్సిల్ చెక్కు ఫోటో అక్కర్లేదు, చెక్కు కింద ఉండే ఎంఐసీఆర్ నంబరుతో సహా సంతకం నమూనా ఎందుకు ఇవ్వాలి?

విదేశీ బ్యాంకు నుంచి నేరుగా అయితే స్విఫ్ట్ కోడు (విదేశీ బదిలీల్లో మీ బ్యాంకుని గుర్తించేది) కూడా కావాలి. ఐబాన్ (కొన్ని దేశాల్లో వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు) అడిగితే మన దేశంలో అది లేదని చెప్పండి. "పంపేశాను, స్విఫ్ట్ కాపీ చూడండి" అని ఒక పేజీ వస్తుంది. దాన్ని ఎవరైనా టైపు చేయొచ్చు. మన ఖాతాలో వాడుకోదగ్గ బ్యాలెన్సు కనపడాలి, అది కూడా బ్యాంకు యాప్‌లో చూసుకోవాలి. ఎస్సెమ్మెస్ చూసి తాళం ఇవ్వకండి. "రిజర్వు బ్యాంకులో ఆగింది, ఛార్జీ కడితే వదులుతారు" అంటే అది మోసం, ఆలోచించక్కర్లేదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ను, క్యూఆర్ స్కాను ఎప్పుడూ అవసరం లేదు.

మిగతాది నగదుగా ఇస్తాం అనే పెద్దలుంటారు. ఒక లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడానికి చట్టం ఒప్పుకోదు, జరిమానా పుచ్చుకున్నవాడికే.

గోస్తనీ వంతెన (తణుకు)

డబ్బు కొడుకు పంపి, బండి తండ్రి పేరున పెట్టించుకోవచ్చా?

కాగితాల కరణం (అమలాపురం)

పెట్టించుకోవచ్చు, నన్నడిగితే అదే మేలు. వాడేది తండ్రి, ఆధార్ చిరునామా ఇక్కడిదే, ఓటీపీ వచ్చే ఫోను ఆయన చేతిలోనే. రసీదులో మాత్రం "ఫలానా వారి తరపున వారి కుమారుడు ఫలానా బ్యాంకు ఖాతా నుంచి చెల్లించినది" అని రాసి యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీకి వచ్చే గుర్తింపు సంఖ్య) వేయండి.

కొడుకు పేరునే కావాలంటే ఆయన ఆధార్‌కి లింకైన ఇండియా నంబరు పనిచేయాలి. చాలామందిది రీచార్జి లేక ఎప్పుడో పోయి ఉంటుంది. అలాంటప్పుడు పవరాఫ్ అటార్నీ మీద ఆధారపడాలి. అది అక్కడి మన కాన్సులేటులో అటెస్టు చేయించి, ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, 1899 స్టాంపు చట్టంలో సెక్షన్ 18. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో పని. గడువు దాటిన పవరుతో ఆర్టీవోకి వెళ్ళి తిరిగొచ్చే వాళ్ళు బోలెడు.

ఇక ఫారాలు. ఫారం 29 అమ్మినట్టు అమ్మేవాడిచ్చే నోటీసు, ఫారం 30 కొనేవాడి అర్జీ, రెండింటిలో మీ సంతకం ఉంటుంది. "ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి స్కాను పంపండి, మా ఏజెంటు నింపుకుంటాడు" అనేది ఇక్కడ బ్రోకర్ల అలవాటు. ఒప్పుకోవద్దు. కొనేవాడి పేరు, చిరునామా, తేదీ నిండాకే సంతకం. వేరే రాష్ట్రానికి పోయేదైతే ఫారం 28 ఎన్‌ఓసీ (ఇక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) కూడా. హైదరాబాదులో ఫ్లాటు ఉన్న ఎన్నారై తెలంగాణ రిజిస్ట్రేషను అడిగితే అదీ వేరే రాష్ట్రమే, మర్చిపోతుంటారు.

సెక్షన్ 50 (రాజమండ్రి)

ఏ కాగితం పంపాలని ఇంత జాగ్రత్త పడి, ట్రాన్స్‌ఫర్ కొనేవాడికి వదిలేస్తే అంతా వృథా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అమ్మిన 14 రోజుల్లో అమ్మేవాడు ఆర్టీవోకి తెలియజేయాలి, రాష్ట్రం దాటితే 45 రోజులు. కొన్నవాడికి 30 రోజులు. "సంక్రాంతికి వస్తాను కదా, అప్పుడు మార్చుకుంటాను" అనే కొనుగోలుదారు చేతిలో జులైలో బండి పెడితే మధ్యలో జరిగే యాక్సిడెంటు మీ నెత్తి మీదే. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది అదే: చేతులు ఎన్ని మారినా, పరిహారం విషయంలో రికార్డులో పేరున్నవాడే ఓనరు.

డెలివరీ నోటులో తేదీ ఒక్కటే కాదు, గంట, నిమిషం, మీటరు రీడింగు, తీసుకున్న మనిషి పేరు, ఎన్ని తాళాలు ఇచ్చారో రాయండి. ఓవర్ స్పీడు చలాను అదే రోజు పడితే ఎవరిదో తేల్చేది ఆ నిమిషమే.

ఎన్నారై నేరుగా కాక డీలరు ద్వారా కొంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి ఉన్న నిబంధనల్లో అధీకృత డీలరుకి బండి అప్పగించినట్టు ఫారం 29సి పెడతారు. అప్పుడు బాధ్యత డీలరుకి మారుతుంది. ఆ డీలరుకి 29బి సర్టిఫికెట్టు (డీలరుగా అధికారం ఇచ్చే పత్రం) ఉందో లేదో చూడండి.

కొబ్బరి ఈనె (రాజోలు)

మా బావగారు ఇప్పటికే అన్నీ దాచకుండా దోహాకి పంపేశారు. ఫోను ఎత్తట్లేదు అవతల. ఏం చేయాలి?

స్కాను సెంటరు (భీమవరం)

ముందు పరివాహన్‌లో బండికి లింకైన ఫోను నంబరు ఎవరిదో చూడమనండి. చాలా బళ్ళకి షోరూము కుర్రాడి నంబరో ఏజెంటు నంబరో ఉండిపోతుంది, ఓటీపీలు అటు పోతాయి. తన నంబరు పెట్టించుకోవాలి. మై ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసి, ఆధార్ ఎక్కడెక్కడ వాడారో ఆ హిస్టరీ చూడాలి. సంచార్ సాథీలో (టెలికాం శాఖ సైటు) తన పేరున ఎన్ని సిమ్ములున్నాయో తెలుస్తుంది. పాన్ కూడా పంపుంటే క్రెడిట్ రిపోర్టు తీయమనండి, ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకటి ఉచితంగా ఇవ్వాలి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైను)కి ఫోను. తన బండి ఫోటోలతో వేరే పేరున ప్రకటన తేలిందేమో అమ్మకాల సైట్లలోనూ వెతకాలి, ఈ కాగితాలతో ముందు జరిగేది అదే.

పంటకాలువ గట్టు (పాలకొల్లు)

ఫాస్టాగ్, ఇన్సూరెన్సు బండితో పాటు ఇచ్చేయడమేనా?

కౌంటర్ నంబరు 3 (తణుకు)

ఫాస్టాగ్ ఇవ్వకండి. డెలివరీ అయిన రోజే ఇచ్చిన బ్యాంకుకి చెప్పి మూయించి, స్టిక్కరు చింపేయండి. లేకపోతే వాళ్ళు ఈతకోట టోలు దాటినప్పుడల్లా మీ ఖాతాలోంచి కోత పడుతుంది.

సెక్షన్ 50 (రాజమండ్రి)

ఇన్సూరెన్సుకి రెండు ముక్కలు. థర్డ్ పార్టీ భాగం చట్టం ప్రకారం బండితో పాటు కొన్నవాడికి మారినట్టే లెక్క. సొంత డ్యామేజీ భాగం అలా మారదు, 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కొన్నవాడు 14 రోజుల్లో కంపెనీకి అర్జీ పెట్టి తన పేరున మార్పించుకోవాలి. గోదారి వరదకి బండి లంకలో మునిగిందంటే క్లెయిమ్ ఆగేది అక్కడే. నో క్లెయిమ్ బోనసు మాత్రం మనిషిది, బండిది కాదు. కంపెనీ నుంచి రిటెన్షన్ లెటరు (బోనసు మీ పేరున నిలిపి ఉంచే లేఖ) తీసుకోండి, మీ తర్వాతి బండికి 3 ఏళ్ళలోపు వాడుకోవచ్చు. కొనేవాడు "బోనసుతో కలిపి" బేరమాడితే ఆ ముక్క ధరలోంచి తీసేయమనండి.